రాజ్యాంగాన్ని మార్చేస్తారా? 42వ సవరణ చెప్పే కథ

2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు ఒకవైపు ‘నాలుగు వందల సీట్లు దాటాలి’ అన్న నినాదం వినిపిస్తే, ఇంకోవైపు ‘అన్ని సీట్లిస్తే రాజ్యాంగాన్నే మార్చేస్తారు’ అన్న హెచ్చరిక వినిపించింది. సభల్లో నాయకులు రాజ్యాంగం ప్రతిని చేత్తో పైకెత్తి చూపించడం మామూలైపోయింది. ఫలితాలొచ్చాక వేడి తగ్గింది గానీ ప్రశ్న మాత్రం తెగలేదు. లోక్‌సభకూ అసెంబ్లీలకూ ఒకేసారి జరిపే జమిలి ఎన్నికలన్నా, నియోజకవర్గాల పునర్విభజనన్నా, పీఠికలోంచి ‘సామ్యవాద’, ‘లౌకిక’ అన్న మాటలు తీసేయాలన్నా మళ్లీ అదే టెన్షన్.

అసలు ఒక పార్టీ తన భావజాలానికి తగ్గట్టు రాజ్యాంగాన్ని తిరగరాయాలనుకుంటే ఏం చేయాలి? ఏది సులువు, ఏది కష్టం? మార్చిన వాటిలో ఏవి నిలుస్తాయి? దీనికి ఊహాగానాలు అక్కర్లేదు. మన దేశంలోనే ఒకసారి ఆ పని పూర్తిస్థాయిలో జరిగింది. 1976లో తెచ్చిన 42వ సవరణ అది. దాన్ని విప్పి చూస్తే, అందరి నోళ్లలో నానే మార్పులు మన బతుకుల్ని తాకింది తక్కువ. ఎవరికీ గుర్తులేనివి మాత్రం ఇవాళ్టికీ మన పిల్లల చదువులో, మన ఎంపీల లెక్కలో కనబడుతున్నాయి.

## భావజాలానికి రాజ్యాంగం మీద కన్నెందుకు?

ఆస్తి ఎవరి చేతిలో ఉండాలి, ప్రభుత్వానికీ మతానికీ ఎంత దూరం ఉండాలి, ఢిల్లీకి ఎంత అధికారం, రాష్ట్రాలకు ఎంత? ఇలాంటి వాటి మీద ఒక పార్టీకో ఉద్యమానికో స్థిరపడిపోయిన అభిప్రాయాలుంటాయి. వాటన్నిటినీ కలిపి భావజాలం అంటాం. దాన్ని అమలు చేయడానికి మామూలుగా రాజ్యాంగం జోలికి పోనక్కర్లేదు. పథకానికైతే జీవో చాలు, విధానానికైతే చట్టం చాలు. కాకపోతే జీవోను కొత్త ప్రభుత్వం ఒక్క సంతకంతో రద్దు చేస్తుంది. చట్టాన్ని కొత్త మెజారిటీ తీసి పక్కన పెడుతుంది. రాజ్యాంగంలోకి ఎక్కింది మాత్రం తర్వాత వచ్చేవాళ్లనూ కట్టేస్తుంది. కన్ను పడేది అందుకే.

మొదట రాసినప్పుడు మన రాజ్యాంగంలో ఏ భావజాలమూ లేదని కొందరంటారు. అది పూర్తిగా నిజం కాదు. సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకూడదన్న సోషలిస్టు ఆలోచన 39వ అధికరణలో ఉంది. గ్రామ పంచాయతీలు, మద్య నిషేధం లాంటి గాంధేయ ఆలోచనలు 40, 47 అధికరణల్లో ఉన్నాయి. గోవధ నిషేధం 48లో ఉంది. అయితే వీటన్నిటినీ ఆదేశిక సూత్రాల్లో పెట్టారు. అంటే ప్రభుత్వం గుర్తుపెట్టుకోవాల్సినవే గానీ, అమలు చేయలేదని కోర్టుకెళ్లి నిలదీయడానికి వీల్లేనివి. రకరకాల భావాలవాళ్లు ఒకే సభలో కూర్చుని కుదుర్చుకున్న రాజీ ఇది.

1948 నవంబరు 15న రాజ్యాంగ సభలో కె.టి.షా అనే సభ్యుడు మొదటి అధికరణలోనే ‘లౌకిక, సమాఖ్య, సోషలిస్టు’ అన్న మాటలు చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సమాజాన్ని ఆర్థికంగా ఎలా నడుపుకోవాలో ఆయా కాలాలకు తగ్గట్టు ప్రజలే తేల్చుకోవాలని, దాన్ని రాజ్యాంగంలోనే బిగించేస్తే ప్రజాస్వామ్యాన్ని దెబ్బతీసినట్టవుతుందని ఆయన వాదన. ఆదేశిక సూత్రాల్లో సోషలిస్టు దిశ ఎలాగూ ఉంది కదా అని కూడా అన్నారు. షా సవరణ వీగిపోయింది. వాటిలో రెండు మాటలు 28 ఏళ్ల తర్వాత పీఠిక దారిలో లోపలికొచ్చాయి.

## మార్చడానికి కావాల్సిన బలం

రాజ్యాంగంలోని కొన్ని విషయాల్ని పార్లమెంటు మామూలు మెజారిటీతోనే మార్చగలదు. రాష్ట్రాల సరిహద్దులు అందులో ఒకటి. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. మూడో అధికరణ ప్రకారం రాష్ట్రం అభిప్రాయం అడగాలే తప్ప ఒప్పుకోలు అక్కర్లేదు. ఒక రాష్ట్రం రెండు కావడానికి సరిపోయిన బలం, పీఠికలో ఒక్క మాట మార్చడానికి సరిపోదు.

చాలా అధికరణలకు 368వ అధికరణ చెప్పిన దారే దిక్కు. ఉభయ సభల్లోనూ విడివిడిగా రెండు షరతులు నెరవేరాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి అనుకూలంగా ఓటేయాలి. హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు అటే ఉండాలి. 543 మంది లోక్‌సభలో అందరూ ఓటేస్తే 362 కావాలి. 450 మందే ఓటేస్తే 300 చాలు. అయితే ఎంతమంది గైర్హాజరైనా 272కి తగ్గకూడదు. 245 మంది రాజ్యసభలో అందరూ ఉంటే 164. కేంద్ర, రాష్ట్రాల అధికారాల పంపకం, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, సుప్రీంకోర్టు, హైకోర్టులు, 368వ అధికరణ లాంటి వాటి జోలికెళ్తే సగం రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం కూడా కావాలి. ఇప్పుడున్న 28లో కనీసం 14.

ఓట్లు వేరు, సీట్లు వేరు అన్నది ఇక్కడే మరవకూడదు. 1971లో ఇందిరా గాంధీ కాంగ్రెస్‌కు 352 సీట్లొచ్చాయి, సభలో మూడింట రెండొంతులకు పైగా. దేశంలో పడిన ఓట్లలో ఆ పార్టీ వాటా 44 శాతం లోపే. బీజేపీకి 2019లో 303, 2024లో 240 వచ్చాయి. ఈ లెక్కన 2019లో కూడా ఆ పార్టీ ఒంటరిగా రాజ్యాంగ సవరణ చేసే స్థితిలో లేదు. మిత్రపక్షాలు గానీ, కొన్నిసార్లు ప్రతిపక్షాలు గానీ కలిసి రావాల్సిందే. అలా వచ్చిన సందర్భమూ ఉంది. ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు పది శాతం రిజర్వేషన్ ఇచ్చిన 103వ సవరణకు 2019 జనవరిలో లోక్‌సభలో 323 మంది ఓటేస్తే ముగ్గురే కాదన్నారు. సామాజిక న్యాయానికి కులమే కొలమానమా, ఆదాయం కూడానా అన్న పెద్ద సైద్ధాంతిక మార్పు రెండు రోజుల్లో రెండు సభలూ దాటేసింది.

## తొలి సవరణ నుంచి కేశవానంద భారతి దాకా

రాజ్యాంగంతో భావజాలానికి పేచీ ఎమర్జెన్సీతో మొదలైంది కాదు. అమల్లోకొచ్చి ఏడాదిన్నర కాకముందే, మొదటి సార్వత్రిక ఎన్నికలు కూడా జరగకముందే, 1951 జూన్‌లో తొలి సవరణ వచ్చింది. జమీందారీ రద్దు చట్టాలకు కోర్టుల్లో అడ్డంకులు ఎదురవుతుంటే, వాటిని కోర్టులకు అందకుండా దాచడానికి తొమ్మిదో షెడ్యూలు అనే అర కట్టారు. మద్రాసు రాష్ట్రంలో కులాలవారీగా కాలేజీ సీట్లు పంచే జీవోను సుప్రీంకోర్టు కొట్టేస్తే, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోవచ్చని 15వ అధికరణలో కొత్త క్లాజు చేర్చారు. అదే ఊపులో భావప్రకటనా స్వేచ్ఛకు అదనపు పరిమితులూ పెట్టారు. భూసంస్కరణలు కావాలన్నవాళ్లు మెచ్చుకున్న సవరణనే పత్రికా స్వేచ్ఛ కోరేవాళ్లు తప్పుపట్టారు. ఇప్పటికీ అంతే.

పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని కూడా సవరించగలదా అన్నది ఆ తర్వాత పదిహేనేళ్లు నలిగింది. 1967లో గోలక్‌నాథ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల్లో ఆరుగురు ‘సవరించలేదు’ అన్నారు. ఆ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు మన రాజమండ్రివారు. దానికి బదులుగా ఇందిర ప్రభుత్వం 1971లో 24వ సవరణ తెచ్చి, ఏ భాగాన్నయినా మార్చే అధికారం పార్లమెంటుకు ఉందని రాసుకుంది.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పు వచ్చింది. కేరళలోని ఎడనీరు మఠాధిపతి తన మఠం భూముల కోసం వేసిన కేసు అది. 13 మంది న్యాయమూర్తులు 68 రోజులు విన్నారు. ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. మెజారిటీలో ఉన్నవారిలో అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన పి.జగన్మోహన్ రెడ్డి ఒకరు. గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టి, పార్లమెంటు ప్రాథమిక హక్కులతో సహా ఏ అధికరణనైనా సవరించవచ్చని, కానీ రాజ్యాంగం మౌలిక స్వరూపాన్ని చెరపకూడదని తేల్చారు. ఆ స్వరూపంలో ఏమేం ఉంటాయో జాబితా ఇవ్వలేదు. ఒక్కో న్యాయమూర్తి ఒక్కోలా చెప్పారు. యాభై ఏళ్లుగా పేచీ నడుస్తున్నది అక్కడే.

## 42వ సవరణ: మూడు పొరలు

1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. ప్రతిపక్ష నాయకులు చాలామంది జైళ్లలో ఉన్నారు. 1976 మార్చితోనే గడువు తీరాల్సిన లోక్‌సభ, తన కాలాన్ని తానే పొడిగించుకుని కూర్చుంది. కాంగ్రెస్ వేసిన స్వరణ్ సింగ్ కమిటీ సిఫార్సుల తర్వాత ఆ సభే 59 క్లాజుల 42వ సవరణను ఆమోదించింది. 1976 డిసెంబరు 18న రాష్ట్రపతి సంతకం పడింది. ప్రగతిశీల ప్రభుత్వానికి కోర్టులు అడ్డుపడుతున్నాయి, పార్లమెంటే సర్వోన్నతం అన్నది దాని వెనుక ఉన్న వాదం. పేదల కోసం అని సమర్థించుకున్నవాళ్లూ ఉన్నారు, అధికారం కోసం అని ఎదిరించినవాళ్లూ ఉన్నారు. దాన్ని మూడు పొరలుగా విడదీస్తే గానీ ఎందుకు ఇలా జరిగిందో అర్థం కాదు.

మొదటి పొర, మాటలు. పీఠికలో ‘సామ్యవాద’, ‘లౌకిక’ అన్నవి చేరాయి. ఇందులో ఒక తమాషా ఉంది. పి.వి.నరసింహారావు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా 1972లో భూపరిమితి చట్టం పట్టుపట్టి తెచ్చినప్పుడు పీఠికలో సామ్యవాదం లేదు. అదే పి.వి. ప్రధానిగా 1991లో లైసెన్సుల రాజ్యాన్ని కూల్చి మార్కెట్టుకు తలుపులు తెరిచినప్పుడు ఉంది. 1989 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరయ్యే ప్రతి పార్టీ సామ్యవాదానికి, లౌకికవాదానికి, ప్రజాస్వామ్యానికి విధేయంగా ఉంటామని తన నియమావళిలో రాసుకోవాలి. ప్రైవేటీకరణే మంత్రమనే పార్టీ అయినా రాయాల్సిందే. అందరూ రాశారు, ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఈ రెండు మాటలు తీసేయాలంటూ వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరు 25న కొట్టేసింది. మన సందర్భంలో సామ్యవాదమంటే సంక్షేమ రాజ్యమని, ప్రైవేటు రంగానికి అది అడ్డు కాదని చెప్పింది. తీసేయాలనేవాళ్ల వాదనలోనూ బలముంది. రాజ్యాంగ సభ వద్దన్న మాటల్ని ప్రతిపక్షం జైల్లో ఉన్నప్పుడు చేర్చారన్నది చరిత్ర. ఉంచాలనేవాళ్లు చెప్పేదీ వాస్తవమే. మత స్వేచ్ఛ, సమానత్వం లాంటి అధికరణల్లో లౌకికత 1950 నుంచే ఉంది, 1978లో తీసేసే అవకాశం వచ్చినా పార్లమెంటు తీయలేదు. ఎవరు గెలిచినా మత స్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణ అలాగే ఉంటుంది కాబట్టి, ఈ పోరు ఎక్కువగా ప్రతిష్ఠకు సంబంధించిందని నా అభిప్రాయం. ఎదుటి పక్షంవాళ్లు మాత్రం, రేపు కోర్టులు అధికరణలకు అర్థం చెప్పేటప్పుడు పీఠికనే చూస్తాయి కదా అంటారు. అదీ కొట్టిపారేసే మాట కాదు.

రెండో పొర, అధికారం. రాజ్యాంగ సవరణను ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి వీల్లేదని 368లో కొత్త క్లాజులు పెట్టారు. ఆదేశిక సూత్రాల పేరు చెబితే చాలు, ఆ చట్టం సమానత్వ హక్కుకు విరుద్ధంగా ఉన్నా చెల్లేలా 31సి అధికరణను విస్తరించారు. లోక్‌సభ, అసెంబ్లీల కాలాన్ని ఆరేళ్లు చేశారు. అప్పట్లో అందరూ హడలిపోయింది వీటికే. నిలవనివీ ఇవే. 1977 మార్చిలో జనతా పార్టీ గెలిచింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే పోయాయి. మిగిలిన ఒక్కటీ నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డిది. ఆయనే రాష్ట్రపతి అయ్యారు. 43, 44 సవరణలతో చాలావాటిని వెనక్కి తిప్పేశారు. సభల కాలం మళ్లీ ఐదేళ్లయింది. ‘అంతర్గత కల్లోలం’ పేరుతో ఎమర్జెన్సీ పెట్టే వీలు పోయి, సాయుధ తిరుగుబాటు ఉంటేనే అన్న షరతు వచ్చింది. జనతావాళ్లు తమ ముద్ర కూడా వేయకపోలేదు. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది వాళ్లే. మౌలిక అంశాలు మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని, పీఠికలోని ఆ రెండు మాటలకు నిర్వచనం రాయాలని కూడా చూశారు. కాంగ్రెస్ మెజారిటీ ఉన్న రాజ్యసభ ఒప్పుకోలేదు. మిగిలిన పని 1980లో మినర్వా మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చేసింది. 368లో చేర్చిన క్లాజుల్ని, 31సి విస్తరణను కొట్టేసింది. సవరించే అధికారానికి హద్దు ఉండడమే మౌలిక స్వరూపంలో భాగమని, ఆ హద్దును సవరణతో చెరిపేసుకోవడం కుదరదని తేల్చింది.

## ఎవరి కంటా పడకుండా మిగిలిపోయిన పొర

మూడోది పంపకం. ఏది ఎవరి పరిధి, ఎవరికి ఎన్ని సీట్లు అన్న లెక్క. ఐదు విషయాల్ని రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చారు. విద్య, అడవులు అందులో ఉన్నాయి. ఉమ్మడి జాబితా అంటే ఇద్దరూ చట్టాలు చేయొచ్చు, తేడా వస్తే సాధారణంగా కేంద్రం మాటే చెల్లుతుంది. అడవుల విషయంలో నాలుగేళ్లు తిరక్కుండానే ఫలితం కనబడింది. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, అటవీ భూమిని ఇతర పనులకు ఇవ్వాలంటే రాష్ట్రం ఢిల్లీ అనుమతి తీసుకోవాలి. అడవి మిగిలిందంటే ఆ చట్టం వల్లే అనేవాళ్లున్నారు. ఏజెన్సీ గూడేనికి రోడ్డు వేయాలన్నా ఫైలు ఢిల్లీ దారి పట్టాల్సి వచ్చిందనేవాళ్లూ ఉన్నారు.

విద్య సంగతి ఇంకాస్త చిక్కుముడి. 2017 నుంచి తెలుగు రాష్ట్రాల్లో ఎంబీబీఎస్ సీటుకు ఎంసెట్ పోయి నీట్ ఒక్కటే దారైంది. ఇది 42వ సవరణ పుణ్యమేనని కొందరు తేల్చేస్తారు. అలా చెప్పడం తొందరపాటే. ఉన్నత విద్యా ప్రమాణాల సమన్వయం మొదటి నుంచీ కేంద్ర జాబితాలోనే ఉంది కాబట్టి, 1976 సవరణ లేకపోయినా కేంద్రం చేతిలో కొంత ఆధారం ఉండేది. కానీ విద్యాహక్కు చట్టం లాంటివి బడి దాకా వచ్చాయంటే ఉమ్మడి జాబితా వల్లే. విద్యను మళ్లీ రాష్ట్ర జాబితాలోకి మార్చాలని తమిళనాడు పార్టీలు అడుగుతున్నది కూడా 1976 మార్పును రద్దు చేయమనే.

ఇక సీట్లు. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలన్నది పదేళ్లకోసారి జనాభా లెక్కలతో మారుతూ ఉండాలి. 42వ సవరణ దాన్ని 1971 లెక్కల దగ్గర ఆపేసింది, 2000 తర్వాతి మొదటి జనాభా లెక్కల దాకా. కారణం కుటుంబ నియంత్రణ. 1976 ఏప్రిల్‌లో ప్రకటించిన జాతీయ జనాభా విధానంలోనే ఈ మాట ఉంది. జనాభా తగ్గించుకున్న రాష్ట్రం సీట్లు పోగొట్టుకోకూడదన్నది ఉద్దేశం. వాజ్‌పేయి ప్రభుత్వం 84వ సవరణతో ఆ గడువును 2026 తర్వాతి మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. ఎమర్జెన్సీనాటి జనాభా నియంత్రణ పట్టుదల పోయింది, అప్పుడు బిగించిన లెక్క మాత్రం ప్రభుత్వాలు ఎన్ని మారినా పోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 42 సీట్లే ఇప్పుడు ఆంధ్రకు 25, తెలంగాణకు 17గా ఉన్నాయి.

ఇందులో ఏం తగాదా ఉందో ఊహించుకున్న అంకెలతో చూద్దాం. క, చ అని రెండు రాష్ట్రాలు. 1971లో చెరో నాలుగు కోట్ల జనం, చెరో 40 సీట్లు. అంటే పది లక్షలకో ఎంపీ. కొన్నేళ్లకు క జనాభా ఆరు కోట్లు, చ జనాభా 12 కోట్లు అయింది. సీట్లు కదల్చకపోతే క రాష్ట్రంలో 15 లక్షలకు ఒక ఎంపీ, చ రాష్ట్రంలో 30 లక్షలకు ఒక ఎంపీ. చ ఓటరు ఓటు విలువ సగమైపోయింది. ‘ఒక మనిషి, ఒకే విలువ’ అనేవాళ్ల బాధ ఇది. సరే, ఉన్న 80 సీట్లనే మళ్లీ పంచితే కకు 27, చకు 53. ప్రభుత్వం చెప్పినట్టు నడుచుకున్న రాష్ట్రం 13 సీట్లు పోగొట్టుకుంది. ఎవరికీ తగ్గకుండా సభనే పెంచి 40, 80 ఇచ్చారనుకోండి. క రాష్ట్రానికి ఒక్క సీటూ పోలేదు, కానీ సభలో దాని వాటా సగం నుంచి మూడో వంతుకు పడిపోయింది. ‘దక్షిణాదికి ఒక్క సీటు కూడా తగ్గదు’ అన్న హామీ విన్నప్పుడు సంఖ్య గురించి చెబుతున్నారా, వాటా గురించా అని అడగాల్సింది ఇందుకే. 2025 మార్చిలో పునర్విభజన మీద చెన్నైలో జరిగిన సమావేశానికి తెలంగాణలో కత్తులు దూసుకునే రేవంత్‌రెడ్డి, కేటీఆర్ ఇద్దరూ వెళ్లారంటే ఈ వాటా భయమే కారణం.

## హంగరీలో కుదిరింది, చిలీలో కుదరలేదు

2010లో హంగరీలో విక్టర్ ఓర్బాన్ కూటమికి 53 శాతం లోపు ఓట్లు, 386లో 263 సీట్లు వచ్చాయి. అంటే మూడింట రెండొంతులు దాటాయి. అక్కడ ఒకే సభ, అడ్డుపడే రాష్ట్రాలు లేవు, ప్రజాభిప్రాయ సేకరణ షరతు లేదు. 2011 ఏప్రిల్‌లో ఏకంగా కొత్త రాజ్యాంగమే వచ్చేసింది. కమ్యూనిస్టుల కాలంలో 1949లో రాసిన పాత రాజ్యాంగానికి 1989లో అతుకులు వేసి నెట్టుకొస్తున్నామని, జనం తీర్పు ఇచ్చాక కొత్తది రాయడంలో తప్పేముందని వాళ్ల వాదన. పీఠికలో క్రైస్తవ వారసత్వం, జాతి గురించిన మాటలు వచ్చాయి. ప్రపంచ పత్రికలు వాటి మీదే ఎక్కువ రాశాయి. అసలు పని వేరే చోట జరిగింది. రాజ్యాంగ న్యాయస్థానంలో న్యాయమూర్తుల సంఖ్య 11 నుంచి 15కు పెరిగింది. చాలా రంగాల చట్టాల్ని మూడింట రెండొంతుల మెజారిటీ ఉంటే తప్ప మార్చకుండా బిగించారు. 2013లో నాలుగో సవరణతో, కొత్త రాజ్యాంగానికి ముందు ఆ కోర్టు ఇచ్చిన తీర్పులు చెల్లవన్నారు. మన 42వ సవరణలో రెండో పొర లాంటిది అక్కడ కోర్టుల్లో గానీ, 2014, 2018, 2022 ఎన్నికల్లో గానీ వీగిపోలేదు.

చిలీలో కథ అడ్డం తిరిగింది. పినోషే నియంతృత్వంలో 1980లో రాసిన రాజ్యాంగాన్ని మార్చాలని 2020లో 78 శాతం ఓటర్లు కోరారు. వామపక్షాల పలుకుబడి ఉన్న సభ 388 అధికరణల ముసాయిదా రాస్తే 2022లో 62 శాతం మంది వద్దన్నారు. తర్వాత మితవాదుల ఆధిపత్యంలో ఇంకొకటి రాశారు. 2023 డిసెంబరులో అదీ దాదాపు 56 శాతంతో ఓడిపోయింది. ఇద్దరికీ సభలో బలం ఉంది, ఆఖర్న జనం ముందుకెళ్లాల్సి రావడమే ఇద్దరికీ గండమైంది.

## మౌలిక స్వరూపం మీద రెండు మాటలు

మనకు ప్రజాభిప్రాయ సేకరణ లేదు. ఆ స్థానంలో కోర్టు ఉంది. 2023 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి జగదీప్ ధన్‌ఖడ్ కేశవానంద తీర్పును బహిరంగంగానే ప్రశ్నించారు. ఎన్నికైన పార్లమెంటు చేసిన సవరణను ఎన్నిక కాని న్యాయమూర్తులు కొట్టేయడం ప్రజాస్వామ్యమా అని. ఇది ఒక్క పార్టీ అక్కసు అనుకుంటే పొరపాటు. 1970ల్లో ఇదే వాదన కాంగ్రెస్‌ది, కమ్యూనిస్టులదీ. న్యాయమూర్తుల నియామకాల కమిషన్ తెచ్చిన 99వ సవరణకు దాదాపు అన్ని పార్టీలూ ఓటేశాయి. 2015లో సుప్రీంకోర్టు దాన్ని 4-1తో కొట్టేసింది. తమ నియామకాల వ్యవహారంలో తామే తీర్పరులయ్యారన్న విమర్శకు గట్టి జవాబు ఇప్పటికీ రాలేదు.

రెండో పక్షం జవాబు ఎమర్జెన్సీ అనుభవం నుంచి వస్తుంది. 1975లో 39వ సవరణ ప్రధాని ఎన్నికను కోర్టుల పరిధి నుంచే తప్పించింది. అప్పుడు దాన్ని ఆపింది ఎంపీలు కాదు, మౌలిక స్వరూప సూత్రమే. ఆ సూత్రాన్ని కోర్టు చీటికీమాటికీ వాడలేదన్నది కూడా నిజం. తొలి సవరణ నుంచి 2023 దాకా 106 సవరణలు జరిగితే, ఈ కారణంతో పడిపోయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పది శాతం రిజర్వేషన్ సవరణను 3-2తో నిలబెట్టారు.

కోర్టు సవరణల్ని ఆపగలదు గానీ, సవరణే అక్కర్లేని మార్పులుంటాయి. 1948 నవంబరు 4న అంబేడ్కర్ ఈ ప్రమాదం గురించే చెప్పారు. రాజ్యాంగం రూపం మార్చకుండానే, పరిపాలన తీరు మార్చి దాని స్ఫూర్తిని చెడగొట్టవచ్చని. మనకు 1984 ఆగస్టు సంక్షోభం గుర్తుంది. గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్‌ను తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసినప్పుడు రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడూ మారలేదు.

## జమిలి బిల్లు ఏ పొరలోది?

2024 డిసెంబరు 17న లోక్‌సభలో పెట్టిన 129వ సవరణ బిల్లును ఈ కొలతతో చూడొచ్చు. ప్రవేశపెట్టడానికి 269 మంది అవునన్నారు, 198 మంది కాదన్నారు. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. ఆమోదానికి అయితే ఆ రోజు ఓటేసిన 467 మందిలో 312 కావాలి. బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది.

దాని ప్రకారం ఒక నిర్ణీత తేదీ తర్వాత ఎన్నికైన అసెంబ్లీలన్నీ లోక్‌సభ ఐదేళ్లు ముగిసినప్పుడే ముగుస్తాయి. మధ్యలో రద్దయితే మిగిలిన కాలానికి మాత్రమే మళ్లీ ఎన్నిక. ఖర్చు తగ్గుతుంది, కోడ్ పేరుతో పనులు ఆగవు, 1967 దాకా చాలావరకు ఇలాగే జరిగేవి కదా అని సమర్థకులంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎలాగూ రెండు ఎన్నికలూ ఒకేసారి జరుగుతున్నాయి. తెలంగాణ అలా కాదు. 2018 సెప్టెంబరులో కేసీఆర్ గడువుకు ఎనిమిది నెలలకు పైగా ముందే అసెంబ్లీని రద్దు చేసి, డిసెంబరులో గెలిచి కొత్తగా ఐదేళ్లు తీసుకున్నారు. ఈ బిల్లు అప్పటికే అమల్లో ఉండి ఉంటే ఆ గెలుపుతో ఆయనకు దక్కేది కొద్ది నెలలే. అప్పుడు రద్దు చేసే ముఖ్యమంత్రి ఎవరుంటారు?

ఇంకో లెక్క. 2029 లోక్‌సభతో ఆ తేదీ మొదలైందనుకుందాం. తెలంగాణ అసెంబ్లీలు ఐదేళ్ల చొప్పున సాగితే 2028 డిసెంబరులో ఒకటి, 2033 డిసెంబరులో ఇంకొకటి ఏర్పడాలి. రెండోది 2034 వేసవిలో లోక్‌సభతోపాటే ముగిసిపోతుంది. ఆరు నెలల అసెంబ్లీ. ఎన్నికను వాయిదా వేయాలని ఎన్నికల సంఘం సిఫార్సు చేసే వీలు బిల్లులో ఉంది. అలా వేస్తే ఆ ఆరు నెలలూ రాష్ట్రాన్ని ఎవరు పాలించాలన్న ప్రశ్న వస్తుంది.

పీఠికను ఈ బిల్లు తాకదు, కోర్టుల అధికారం జోలికీ పోదు. రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్న ఒక ఆయుధానికి పదును తీసేస్తుంది, అంటే మూడో పొర. జమిలి ఎన్నికల మీద వేసిన రామ్‌నాథ్ కోవింద్ కమిటీ లోక్‌సభ, అసెంబ్లీల వరకైతే రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదంది. స్థానిక సంస్థల్ని కూడా కలిపితేనే కావాలంది. రాష్ట్రాల అసెంబ్లీల ఆయుష్షును కత్తిరిస్తూ రాష్ట్రాలను అడగకపోవడమేమిటని వ్యతిరేకులు నిలదీస్తున్నారు. బిల్లు చట్టమైతే కోర్టులో మొదట తేలాల్సిన అంశం ఇదే.